చేప రక్తంలో కాదు, మేత బస్తాలో వెతకండి

చేప తోక దగ్గర సూది గుచ్చి కాస్త రక్తం తీస్తే చాలు, దాని కాలేయంలో క్యాన్సర్ ఉందో లేదో తేలిపోతుందన్న మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. చెరువుల వ్యాపారంలో ఉన్నవాళ్లూ అంటున్నారు, చదువుకున్నవాళ్లూ అంటున్నారు. నరసరావుపేటలోనో మాచర్లలోనో చేపలు కొనేవాడికి ఈ మాట ధైర్యం ఇస్తుంది, అమ్మేవాడికి ఊరటనిస్తుంది. కానీ ఇది తప్పు మాట. తప్పు కావడంతో ఆగదు, చూడాల్సిన చోటు నుంచి మన చూపును పక్కకు తిప్పేస్తుంది కూడా. అందుకే దీన్ని ఖండించక తప్పదు.

ముందు ఆ వాదనను ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. కాలేయం కోసి చూడాలంటే చేపను చంపాలి, రక్తం తీస్తే చేప బతికే ఉంటుంది, అదే చేపను నెల తర్వాత మళ్లీ చూడొచ్చు. ఇది మొదటి మాట. కాలేయం దెబ్బతింటే రక్తంలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు పెరుగుతాయి, వాటిని కొలిచే యంత్రాలు చిన్న పట్టణాల్లోనూ ఉన్నాయి కాబట్టి క్యాన్సర్‌ను వాటితోనే పట్టొచ్చు. ఇది రెండోది. మనిషి కాలేయ క్యాన్సర్‌కు ఆల్ఫా ఫీటోప్రోటీన్ అనే రక్త సూచిక ఉంది కాబట్టి చేపకూ అలాంటి దారే పనికొస్తుందన్నది మూడోది. ఇలా పరీక్షించి ధ్రువీకరిస్తే చేప తినేవాళ్ల భయం పోతుందన్నది నాలుగోది. ఈ నాలుగింటిలో మొదటిది నిజం. మిగిలిన మూడూ ఒక్కొక్కటిగా పరిశీలిస్తే నిలబడవు.

1. ఎంజైము చెప్పేది దెబ్బ గురించి, గడ్డ గురించి కాదు

ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కణాల లోపల ఉండే ఎంజైములు. కణం పగిలితే రక్తంలోకి కారతాయి. కణాన్ని పగలగొట్టింది ఏమిటో అవి చెప్పవు. పైగా చేపలో ఇవి కాలేయానికే పరిమితం కావు. కండలోనూ, మూత్రపిండంలోనూ, మొప్పల్లోనూ ఉంటాయి. వలలో చిక్కి అరగంట కొట్టుకున్న చేప రక్తంలోనూ ఇవి పెరగొచ్చు. నీటి వేడి, ప్రాణవాయువు కొరత, పస్తు, పరాన్నజీవులు, బాక్టీరియా రోగాలు, అన్నీ ఈ అంకెలను కదిలిస్తాయి.

మన పల్నాడు జిల్లాలో దీనికి ఇంకో కారణం కలుస్తుంది. ఇది పత్తి, మిర్చి పండే నేల. ఈ రెండు పంటల మీద కొట్టినంత పురుగుమందు మరే పంట మీదా కొట్టం. వాన పడితే చేలో మందు వాగులోకి, వాగు నీరు ఊరి చెరువులోకి చేరతాయి. పురుగుమందు తగిలిన శీలావతి, బొచ్చె చేపల రక్తంలో ఈ ఎంజైములు ఎలా మారతాయో మన విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర విభాగాలు దశాబ్దాలుగా కొలుస్తూనే ఉన్నాయి. ఆ చేపలకు క్యాన్సర్ లేదు, అయినా అంకెలు మారాయి. రేపు గురజాల పక్క ఊరి చెరువులో ఒక చేపకు ఎస్‌జీపీటీ ఎక్కువ వస్తే అది మందు వల్లా, రోగం వల్లా, వల వల్లా, గడ్డ వల్లా అన్నది ఆ పరీక్ష కాగితం మీద ఎవరు చదవగలరు?

ఆడ చేపల సంగతి మరీ తికమక. తొలకరికి గుడ్లు కట్టే రోజుల్లో గుడ్ల సొనకు కావాల్సిన విటెల్లోజెనిన్ అనే ప్రోటీన్‌ను తయారు చేసేది కాలేయమే. అప్పుడు కాలేయం పని పెరుగుతుంది, రక్తంలో ప్రోటీన్, కాల్షియం రెండూ పెరుగుతాయి. ఇది రోగం కాదు, సంతానానికి సిద్ధపడుతున్న ఆరోగ్యం. రుతువు తెలియనివాడు ఈ అంకెలు చూస్తే జబ్బు అని రాస్తాడు.

రెండో వైపు నుంచి చూసినా ఇదే లోటు. గడ్డ చిన్నదై, చుట్టూ కాలేయం బాగుంటే ఎంజైములు మామూలుగానే ఉండొచ్చు. అంటే క్యాన్సర్ లేని చేపను ఉన్నట్టు చూపగలదు, ఉన్న చేపను లేనట్టు చూపగలదు. రెండు దిక్కులా తప్పగల కొలతను నిర్ధారణ అనడం ఏ శాస్త్రం ప్రకారమూ కుదరదు.

2. మనిషి కోసం కట్టిన కిట్టు చేప రక్తాన్ని చదవదు

ఆల్ఫా ఫీటోప్రోటీన్‌ను కాలేయ క్యాన్సర్ ఉన్న ఎలుకల్లో అబెలెవ్ 1963లో, మనుషుల్లో టటారినోవ్ 1964లో చూపించారు. అరవై ఏళ్లు గడిచాయి. ఇన్నేళ్ల అనుభవం తర్వాత కూడా వైద్యులు మనిషికి ఆ ఒక్క అంకెతో కాలేయ క్యాన్సర్ అని తేల్చరు. క్యాన్సర్ ఉన్నా చాలామందిలో అది మామూలుగానే ఉంటుంది. గర్భిణుల్లో పెరుగుతుంది, హెపటైటిస్‌లోనూ పెరుగుతుంది. సిరోసిస్ ఉన్నవాళ్లకు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తీయమంటారు, అనుమానం వస్తే సీటీ, ఎంఆర్ఐలకు పంపుతారు. మనిషి విషయంలోనే ఒంటరిగా నిలబడని సూచికను చేప విషయంలో తీర్పరిగా కూర్చోబెట్టడానికి ఆధారం ఎక్కడుంది?

ఆసుపత్రి కిట్లలో ఉండే యాంటీబాడీలు మనిషి ప్రోటీన్‌ను పట్టుకోవడానికి తయారైనవి. వాటి మీద చేప రక్తం పోస్తే యంత్రం ఏదో ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకెకు అర్థం ఉండాలంటే ఆ జాతి చేపలో అలాంటి ప్రోటీన్ ఉందని, కిట్టు దాన్నే పట్టుకుంటోందని, ఆరోగ్యంగా ఉన్న వందల చేపల్లో అది ఎంత ఉంటుందో తెలుసని ముందు రుజువు కావాలి. శీలావతికో, బొచ్చెకో, వాలుగకో ఇలాంటి రుజువుతో నిలబడ్డ కాలేయ క్యాన్సర్ రక్త సూచిక ఏదీ వాడుకలో లేదు.

రక్తంలో తేలే డీఎన్ఏ ముక్కలతో క్యాన్సర్ పట్టే కొత్త పద్ధతుల పేరు చెప్పేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఒక ప్రాథమిక సంగతి మరిచిపోతున్నారు. మనిషి ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదు, చేప ఎర్ర రక్తకణంలో ఉంటుంది. సూది గుచ్చినప్పుడు, గొట్టం ఊపినప్పుడు నాలుగు కణాలు పగిలినా వాటి డీఎన్ఏ ప్లాస్మాలో కలిసిపోతుంది. గడ్డ నుంచి వచ్చిన కొద్దిపాటి డీఎన్ఏను ఆ వరదలో వెతకాలి. మనిషి రక్తం కోసం చేసిన కణాల లెక్కింపు యంత్రాలు చేప రక్తం దగ్గర తడబడేదీ ఈ కేంద్రకాల వల్లే.

3. లెక్క కూడా కుదరదు

వాదన కోసం ఒక అద్భుతమైన పరీక్ష వచ్చిందే అనుకుందాం. క్యాన్సర్ ఉన్న నూటిలో తొంభై అయిదింటిని పట్టుకుంటుంది, లేని నూటిలో తొంభై అయిదింటిని సరిగ్గా వదిలేస్తుంది. పది వేల చేపలున్న చెరువులో పదింటికి కాలేయ క్యాన్సర్ ఉందనుకుందాం. పరీక్ష ఆ పదింటిలో తొమ్మిదో పదో పట్టుకుంటుంది. క్యాన్సర్ లేని 9,990 చేపల్లో సుమారు 500 చేపలను కూడా క్యాన్సర్ అని చూపుతుంది. అంటే పరీక్ష వేలెత్తి చూపిన ప్రతి యాభై చేపల్లో నలభై తొమ్మిది అమాయకమైనవి. ఇంత గొప్ప పరీక్షతోనే ఫలితం ఇది. ఇప్పుడున్న ఎంజైము అంకెలు ఆ పరీక్షకు దరిదాపుల్లో కూడా లేవు.

దీనికి తోడు చెరువు చేప వయసు చూడండి. మన కార్పు చేపలను సాధారణంగా ఏడాది అటూఇటూలో పట్టేస్తాం. చేపల్లో కాలేయ గడ్డలు ఎక్కువగా కనిపించేది ముదురు వయసులో. గడ్డ కట్టే వయసు రాకముందే పట్టే చేపకు గడ్డ పరీక్ష చేస్తే "లేదు" అనే జవాబే వస్తుంది. ఆ "లేదు" చూపించి మేత మంచిదే, నీళ్లు మంచివే అని ప్రచారం చేస్తారు. ప్రమాదం అక్కడుంది. మేతలో విషం ఉండి కూడా చేపకు ఇంకా క్యాన్సర్ రాకపోవచ్చు.

4. తెలిసినవాళ్లు కాలేయాన్నే చూస్తున్నారు

చేపల కాలేయ క్యాన్సర్ మీద ప్రపంచంలో గట్టి పని జరిగిన చోట్లు కొన్ని ఉన్నాయి. అమెరికా పశ్చిమ తీరంలోని ప్యూజెట్ సౌండ్‌లో ఇంగ్లిష్ సోల్ చేపల కాలేయ గడ్డలకు, అడుగు బురదలోని తారు జాతి రసాయనాలకు ఉన్న సంబంధాన్ని ఆ దేశపు సముద్ర శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి పరిశీలించి చూపారు. ఒహాయో రాష్ట్రంలోని బ్లాక్ నదిలో బుల్‌హెడ్ అనే జెల్ల జాతి చేపల్లోనూ అదే కథ. బ్రిటన్ తన సముద్ర పర్యవేక్షణలో డాబ్ చేపల కాలేయాలను ఇప్పటికీ పరిశీలిస్తోంది. వీళ్లంతా నిర్ధారణకు వాడేది ఒక్కటే: కాలేయాన్ని పలచని పొరలుగా కోసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శిని కింద చూడటం.

ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో జార్జ్ బెయిలీ బృందం 2009లో ఒక ప్రయోగం ప్రచురించింది. క్యాన్సర్ కారకం అతి తక్కువ మోతాదులో ఏం చేస్తుందో చూడటానికి 40,800 ట్రౌట్ చేపలను వాడారు. రక్తం చాలనుకుంటే ఇన్ని వేల చేపల దగ్గర వాళ్లకు ఎంత శ్రమ మిగిలేదో ఊహించండి. వాళ్లు కాలేయాలే చూశారు. ఇంకో సంగతి మన చర్చకు మరీ ముఖ్యం. కాలేయంలోని డీఎన్ఏకు అతుక్కున్న రసాయనాన్ని కూడా సూచికగా కొలిచారు. తక్కువ మోతాదుల్లో ఆ సూచిక ఊహించినన్ని గడ్డలు నిజంగా రాలేదు. రక్తం దాకా ఎందుకు, సాక్షాత్తూ కాలేయంలోనే కొలిచిన సూచిక కూడా గడ్డల లెక్క సరిగ్గా చెప్పలేకపోయింది.

రక్తానికి విలువ లేదని నేను అనడం లేదు. విషం ఒంట్లోకి చేరిందా అని చెప్పడానికి రక్తం ఉపయోగపడుతుంది. మనుషుల్లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం అతుక్కున్న రక్తపు ఆల్బుమిన్‌ను కొలిచి ఏ ప్రాంతం వాళ్లు ఎంత విషం తింటున్నారో తెలుసుకున్నారు. అది విషం తగిలిందన్న సాక్ష్యం, క్యాన్సర్ ఉందన్న తీర్పు కాదు. ఈ రెండింటి మధ్య గీత చెరిపేయడమే నేను ఖండిస్తున్న వాదనలోని మూల దోషం.

5. 1960 నేర్పిన పాఠం పత్తి గింజలో ఉంది

చేపల కాలేయ క్యాన్సర్ చరిత్రలో అతి పెద్ద ఘటన పత్తితో ముడిపడింది. అందుకే పల్నాడు దీన్ని తెలుసుకోవాలి.

1960 ప్రాంతంలో అమెరికా పశ్చిమ రాష్ట్రాల హేచరీల్లో రెయిన్‌బో ట్రౌట్ చేపలకు కాలేయ గడ్డలు విపరీతంగా బయటపడ్డాయి. అంతకుముందు వాటికి పచ్చి మాంసపు మేత పెట్టేవారు. ఆ రోజుల్లోనే ఎండు గుళికల మేతకు మారారు. ఆ గుళికల్లో పత్తి గింజల చెక్క పొడి ఉంది. పొడిలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు విడిచిన అఫ్లాటాక్సిన్ ఉంది. 1960లోనే ఇంగ్లండ్‌లో బ్రెజిల్ వేరుశనగ చెక్క తిన్న లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. అక్కడా దోషి ఈ విషమే. ఒరెగాన్‌లో రస్సెల్ సిన్‌హూబర్ బృందం తర్వాత చేసిన పనిలో ఇంకో నిజం తేలింది. పత్తి గింజల నూనెలో సహజంగా ఉండే కొన్ని కొవ్వు ఆమ్లాలు అఫ్లాటాక్సిన్‌కు తోడై ట్రౌట్‌లో క్యాన్సర్‌ను మరింత పెంచుతాయి.

ఆ ఉపద్రవం ఎలా ఆగింది? ఏ రక్త పరీక్షా ఆపలేదు. బూజు పట్టిన చెక్కను మేతలోంచి తీసేశారు, ఆగింది. ప్యూజెట్ సౌండ్‌లోని ఈగిల్ హార్బర్‌లో 1993, 94లలో విషపు బురద మీద శుభ్రమైన మట్టి కప్పారు, ఆ తర్వాత సోల్ చేపల కాలేయ జబ్బులు తగ్గాయి. బ్లాక్ నది ఒడ్డున కోక్ కర్మాగారం 1983లో మూతపడింది, ఏళ్లు గడిచేకొద్దీ బుల్‌హెడ్‌లలో క్యాన్సర్ తగ్గింది. మనుషుల్లోనూ ఇదే. చైనాలోని చిడాంగ్ ప్రాంతంలో జనం బూజు పట్టే మొక్కజొన్న మాని వరి అన్నానికి మారాక కాలేయ క్యాన్సర్ మరణాలు బాగా తగ్గాయి. ఎక్కడ చూసినా రోగం తగ్గింది మూలాన్ని తొలగించినప్పుడే.

6. ఆ మూలం మన ఊళ్లలోనే ఉంది

ఆంధ్రలో కార్పు చేపల మేత అంటే ప్రధానంగా తవుడు, దానికి తోడు వేరుశనగ చెక్క, పత్తి చెక్క. చిల్లులు పెట్టిన బస్తాలో నింపి చెరువులో తాడుకు కట్టి వేలాడదీస్తారు. నరసరావుపేట, సత్తెనపల్లి, పిడుగురాళ్ల చుట్టూ పండే పత్తిలో దూది ఒక దారి పడితే గింజ నూనె మిల్లుకు వెళ్తుంది. మిగిలిన చెక్క గేదెల తొట్టికీ, చేపల చెరువుకూ చేరుతుంది.

ఈ గింజకు బూజు ఎప్పుడు పడుతుందో రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. గులాబీ రంగు పురుగు కాయకు కన్నం పెడితే ఆ కన్నంలోంచి బూజు గింజదాకా వెళ్తుంది. తీత సమయంలో వాన పడితే ఇంకా తేలిక. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చేల మీద పత్తి తడిసిన సంగతి ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. తడిసిన గింజను ఆరకుండా కుప్ప పోస్తే, ఆ చెక్కను వానాకాలమంతా గాలి ఆడని గోడౌన్‌లో నేల మీద పేరిస్తే, విషం తయారవడానికి ఇంకేమీ అక్కర్లేదు. ఒకసారి తయారైతే వంట వేడికీ పోదు, మేత గుళికలు చేసే వేడికీ పోదు.

ఈ విషం దారి చేప దగ్గర ఆగదు. బూజు చెక్క తిన్న గేదె పాలలోకి అఫ్లాటాక్సిన్ ఎం1 రూపంలో వస్తుంది. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో చేసిన దేశవ్యాప్త సర్వేలో 6,432 పాల నమూనాల్లో 368 నమూనాలు, అంటే 5.7 శాతం, ఎం1 పరిమితిని దాటాయి. అది మేత ద్వారానే వస్తుందని ఆ సంస్థే చెప్పింది. 1974లో గుజరాత్, రాజస్థాన్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది కాలేయ జబ్బు పాలయ్యారు, 106 మంది చనిపోయారు. దాని వెనుక అఫ్లాటాక్సిన్ ఉందని వెలికి తీసింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థే. ఇంత అనుభవం ఇంట్లో పెట్టుకుని చేప తోకలో సూది గుచ్చుతూ కూర్చోవడం బాధ్యత అనిపించుకోదు.

కార్పు చేప ట్రౌట్ అంత సున్నితం కాదు కదా అని అడగొచ్చు. నిజమే. ట్రౌట్‌కు మేతలో శతకోటి భాగాల్లో ఒక భాగంకంటే తక్కువ ఉన్నా దీర్ఘకాలంలో గడ్డలు వచ్చాయి, చాలా జాతులు అంతకంటే ఎంతో ఎక్కువను తట్టుకుంటాయి. కానీ ఈ ప్రశ్న నా వాదనకే బలం. గడ్డ రాని చేప కూడా విషం వల్ల ఎదుగుదల తగ్గి, కాలేయం పాలిపోయి, రోగాలకు తట్టుకోలేక నష్టం తెస్తుంది. క్యాన్సర్ కోసం మాత్రమే వెతికే పరీక్ష ఈ నష్టమంతటినీ చూడకుండా వదిలేస్తుంది.

7. తప్పుడు పరీక్ష ఖరీదు చెరువు రైతే కడతాడు

2018 జూలైలో ఫార్మలిన్ అనుమానంతో అస్సాం మన రాష్ట్రపు చేపలను కొన్నాళ్లు ఆపేసింది. ఆ కొద్ది రోజులకే ఇక్కడి రైతులు, లారీల వాళ్లు, కూలీలు ఎంత కలవరపడ్డారో అందరం చూశాం. ఫార్మలిన్ కనీసం కొలవగలిగిన పదార్థం. అర్థం తేలని రక్తపు అంకె ఒకటి పట్టుకుని "ఫలానా చెరువు చేపలకు క్యాన్సర్" అని ఒక కాగితం బయటికి వస్తే దాన్ని ఖండించడానికి ఏ ప్రమాణమూ ఉండదు. క్యాన్సర్ అన్న మాట విన్నాక జనం లెక్కలు అడగరు. చేప గడ్డ తింటే మనిషికి క్యాన్సర్ అంటుకోదన్న సత్యం చెప్పేవాడి గొంతు ఆ గోలలో వినపడదు. కాబట్టి పరీక్ష భయం తీరుస్తుందన్న నాలుగో వాదన తలకిందులైంది. రుజువు కాని పరీక్ష భయాన్ని పుట్టిస్తుంది, లేదంటే తప్పుడు భరోసా ఇస్తుంది. మూడో దారి దానికి లేదు.

8. చేయాల్సింది ఇది

మొదటిది, మేత పరీక్ష. పత్తి చెక్క, వేరుశనగ చెక్క లోడు దిగిన రోజే అఫ్లాటాక్సిన్ చూడాలి. నిమిషాల్లో తేల్చే స్ట్రిప్పులున్నాయి, అనుమానం వస్తే ప్రయోగశాలలో నిర్ధారించుకోవచ్చు. విషం లోడంతా సమానంగా ఉండదు, ఒక మూల బస్తాలో మాత్రమే ఉండొచ్చు. అందుకే ఒక్క పిడికెడు చాలదు. చాలా బస్తాల నుంచి తీసి, కలిపి, పొడి చేసి చూడాలి. చేపల మేత నాణ్యత కోసం రాష్ట్రం 2020లో చట్టమే తెచ్చింది. దాని కింద అఫ్లాటాక్సిన్ ఫలితాన్ని రైతు చేతికి కాగితం మీద ఇవ్వమని అడిగే హక్కును మత్స్యశాఖ అమలులో చూపాలి.

రెండోది, నిల్వ. తడిసిన గింజను వేరు పెట్టాలి, ఆరబెట్టకుండా మిల్లుకు పంపకూడదు. చెక్క బస్తాలు నేల మీద కాకుండా కొయ్య దిమ్మల మీద, గోడకు ఎడంగా ఉండాలి. పురుగు కొట్టిన కాయల పత్తిని మంచి పత్తిలో కలపడం ఆపాలి. ఇవి ఖర్చుతో కూడిన పనులు కావు, పట్టింపుతో కూడిన పనులు. లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చే పత్తి సలహాల్లో దూది రంగు గురించి చెప్పినంత శ్రద్ధగా గింజ తేమ గురించీ చెప్పాలి.

మూడోది, కాలేయాలను నిజంగా చూడటం. నాగార్జునసాగర్, పులిచింతల జలాశయాల్లో అడుగున తిరిగే, ఏళ్లు నిండిన వాలుగ, జెల్ల లాంటి చేపల కాలేయాలను ఏటా ఒకే కాలంలో సేకరించి సూక్ష్మదర్శిని కింద పరీక్షించాలి. చేపను విడిగా చంపక్కర్లేదు, వలలో ఎలాగూ పడుతున్న చేపల కాలేయం చాలు. గన్నవరం పశువైద్య కళాశాలకు, ముత్తుకూరు మత్స్య కళాశాలకు ఈ పని అప్పగించవచ్చు. ఆ కాలేయాలతో పాటు రక్తమూ తీసి భద్రపరచనివ్వండి. ఏ సూచికైనా కాలేయపు పొరతో వందలసార్లు సరిపోల్చాక, ఆ జాతిలో, ఆ రుతువులో నిలబడితే అప్పుడు దాని గురించి మాట్లాడుకుందాం. అంతవరకు దాన్ని పరిశోధన అనాలి. అమ్మకానికి పెట్టిన ధ్రువపత్రం అనకూడదు.

చేప రక్త పరీక్షకు పెట్టే ప్రతి రూపాయి ఇవాళ మేత పరీక్షకు వెళ్లాలి. రక్తంలో అంకె చూపించి చెరువు మంచిదని రాసిచ్చే ప్రయోగశాలను రైతు నమ్మకూడదు, అలాంటి కాగితాన్ని అధికారి అంగీకరించకూడదు, పత్రికలు అచ్చు వేయకూడదు. బూజు పట్టిన చెక్కను గుమ్మం దగ్గరే ఆపిన రోజున చేపకూ, గేదెకూ, వాటిని నమ్ముకున్న మనిషికీ ఒకేసారి రక్షణ దొరుకుతుంది. ఆ పనికి కావాల్సిన జ్ఞానం 1960 నుంచీ ఉంది, కావాల్సిన చట్టం 2020 నుంచీ ఉంది. అమలు ఒక్కటే మిగిలింది, దాన్ని అడిగి సాధించుకోవాల్సింది మనమే.